గోడ నేర్పు ధర్మము

గీతలో శ్రీకృష్ణుడు శీతోష్ణములను ఓర్చుకొనుమని అర్జునునకు బోధించెను. అట్లయిన, గృహస్థుడు ఇంటి చల్లదనమును కోరుట దోషమా?

బనగానపల్లె చెంతనున్న రవ్వలకొండ గుహలో వీరబ్రహ్మేంద్రస్వామి కాలజ్ఞానము వ్రాసిరని ప్రతీతి. గుహకు చల్లదనమిచ్చునది కొండ మందమే. ఆ సీమలోని పాత మట్టిమిద్దెలదియు అదే తీరు. మందమైన రాతిగోడ పగటి ఎండను తనలో నిలుపుకొని, లోనికి త్వరగా చేరనీయదు. రాత్రి తలుపులు, గవాక్షములు తెరచినచో చల్లగాలికి ఆ వేడిని విడుచును. చలికాలపు రాత్రులలో ఆ వేడియే ఇంటివారిని కాచును.

శీతలయంత్రమో, విద్యుత్తును వెచ్చించి, మన గదిలోని వేడిని వీధిలోని బాటసారిపైకి నెట్టును. వృద్ధులకు, రోగులకు అది తప్పనిసరియగు వేళలు కలవు. చల్లదనమును కోరుటలో దోషము లేదు. దాని భారమును పరులపై మోపుటలోనే దోషమున్నది. గోడ తాను ఎండను భరించి ఆశ్రితులను కాపాడును. గృహస్థుడును అట్లే మెలగవలెను.