జైలు గుమ్మంలో చిన్నపిల్ల

హార్పర్ లీ 1960లో తెచ్చిన ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ నవలలో ఒక రాత్రి నన్ను వదలదు. చేయని నేరం నెత్తిన పడిన నల్లజాతి యువకుడు టామ్ రాబిన్సన్‌ని చంపడానికి గుంపు వస్తుంది. అతని వకీలు ఆటికస్ జైలు గుమ్మానికి అడ్డంగా కూర్చుని ఉంటాడు. ఆయన కూతురు స్కౌట్ ఆ మొహాల్లో తెలిసిన మొహం వెతుక్కుంటుంది. కన్నింగ్‌హామ్ కనిపిస్తాడు. మీ అబ్బాయి వాల్టర్ నా క్లాసే కదా అని పలకరిస్తుంది, పొలం చిక్కులు ఎంతవరకొచ్చాయని అడుగుతుంది. ఆయన వంగి ఆ పిల్ల భుజాలు పట్టుకుంటాడు. తర్వాత అందర్నీ వెనక్కి తీసుకుపోతాడు.

గుంపులో తప్పిపోయిన మనిషికి తన బిడ్డ గుర్తొచ్చాడు. దయ చేయగలిగిన పని ఇంతకంటే గొప్పది నేను చదవలేదు.

అయినా టామ్‌కి శిక్ష పడింది. జైలు నుంచి పారిపోబోతూ తుపాకీ గుళ్లకు చచ్చిపోయాడు. స్కౌట్ ఆపగలిగింది ఆ ఒక్క రాత్రినే. జ్యూరీలో కూర్చున్నది పెద్దవాళ్లు.

సిడ్నీ శివారు క్వేకర్స్ హిల్‌లో ఉంటున్నందుకు ఈ సంగతి నన్ను మరీ కలచివేస్తుంది. మాది బ్లాక్‌టౌన్ కౌన్సిల్. ఆ పేరు వెనక, ఆదివాసీ పిల్లల్ని కన్నవాళ్లకు దూరంగా ఉంచిన బడి ఉంది. 1814లో గవర్నర్ మక్వారీ పరమట్టాలో పెట్టించాడు, 1823లో ఇటు మార్చారు. 1819లో తెల్లపిల్లలతో పాటు జరిగిన పరీక్షలో మొదటి బహుమతి ఒక ఆదివాసీ బాలికది. దారుగ్ జాతికి చెందిన మారియా లాక్ ఆవిడేనంటారు. అంత తెలివైన పిల్ల పెద్దయ్యాక, 1831లో, చనిపోయిన సోదరుడి భూమి కోసం గవర్నర్‌కి అర్జీ పెట్టుకోవలసి వచ్చింది. ఆ బడి స్థలం దారుగ్ ప్రజల చేతికి వచ్చేసరికి 2018.

అక్కడా తప్పు పెద్దవాళ్లదే, మన ఇళ్లలోనూ అంతే. ఇక్కడ మన తెలుగు పిల్లలు పుట్టినరోజుకి క్లాసు మొత్తాన్నీ పిలుస్తారు. మనమేమో వాళ్లు వింటుండగానే, కొత్తగా పరిచయమైన తెలుగువాళ్ల ఇంటిపేరు అడిగి కులం ఆరా తీస్తాం. ఫలానా పిల్లతో స్నేహమెందుకని భోజనాల దగ్గర గొణుగుతాం. వాళ్ల మంచితనానికి మురిసిపోయి, మన వంతు పని కూడా వాళ్లకే వదిలేస్తున్నాం. ఇది అన్యాయం.

ఈసారి మీ అమ్మాయి స్నేహితురాలు ఆడుకోవడానికి వస్తే, దింపడానికి వచ్చిన వాళ్లమ్మని గుమ్మంలోంచే పంపేయకండి. లోపలికి రమ్మనండి, పేరడగండి, అన్నం పెట్టండి.