పరదేశపు పొలములో అతిథి

ఆస్ట్రేలియాలోనో న్యూజీలాండులోనో కాపురమున్న బిడ్డలను చూడబోవు తలిదండ్రులు నేడు మన పల్లెలలోను ఉన్నారు. నీవును అట్లు పోయి, ఒక సెలవు దినమున ఫీజీ దీవులు చూచుచు, ఒక చిన్న చెరకు రైతు ఇంట అతిథివైతివనుకొనుము. అక్కడ నీవేమి చూతువు? ఏమి అడుగుదువు?

మొదట మన ఊరి సంగతి తలంచుకొనుము. పలమనేరు దాపున కౌండిన్య అడవి కలదు. 1980వ దశకములో పొరుగు రాష్ట్రముల అడవులనుండి ఏనుగులు అక్కడికి వచ్చి నిలిచినవి. 1990లో అది అభయారణ్యమాయెను. పట్నమునుండి కారులో వచ్చినవానికి ఏనుగు వేడుక. అడవి యంచున రెండెకరములు సాగుచేయు రైతుకో, అదే ఏనుగు నిద్రలేని రాత్రికావలి, తెల్లవారునప్పటికి తొక్కబడిన మడి. "మీ ఊరెంత అందముగా ఉన్నదండీ!" అని పట్నవాసి పోవును. ఆ మాటలో దోషము లేదు గాని, దానికి ఆ రైతు నవ్వు తెచ్చుకొనుట ఎంత కష్టమో మనమెరుగుదుము.

ఫీజీ చెరకుతోటయు అట్లే కన్నులపండువుగా నుండును. దాని కథ మనకు దూరపుది కాదు. 1879 మొదలు 1916 వరకు ఇండియానుండి సుమారు 60,000 మంది కూలీలు అయిదేండ్ల ఒడంబడికమీద ఆ దీవులకు కొనిపోబడిరి. 1903 నుండి మద్రాసు రేవులో ఓడ యెక్కినవారిలో ఉత్తర ఆర్కాటు జిల్లావారు అనేకులు. పలమనేరు ఆ దినములలో ఆ జిల్లాలోనిదే. చిత్తూరు జిల్లా 1911లో గదా ఏర్పడినది! అగ్రిమెంటు అను మాట వారి నోట 'గిర్మిట్' ఆయెను. గడువు తీరినను అనేకులు తిరిగి రాలేదు. చక్కెర కంపెనీ తన పెద్ద తోటలను సుమారు పదేసి యెకరముల ముక్కలుచేసి కౌలుకిచ్చెను. ఆలుబిడ్డలతో ఆ పదెకరములలో చెరకు నాటి, కొట్టి, మిల్లుకు తోలి బ్రదికిరి. వారి మనుమలలో పలువురికి ఇంటిభాష ఫీజీ హిందీ. తెలుగు తాతపేరులో మాత్రము మిగిలియుండవచ్చును.

అయితే ఆ నేల వారిది కాదు. ఆ దేశములో నూటికి 80 పాళ్లకు పైబడిన భూమి ఆదివాసులైన ఫీజీయుల వంశములది. దానిని అమ్మకూడదు, కౌలుకే ఇయ్యవచ్చును. 1997 మొదలు పాత కౌళ్ల గడువులు తీరుచుండగా, తిరిగి కౌలు దొరకని అనేక కుటుంబములు తాతలు దున్నిన నేలను విడిచిపోయినవి.

ఇది వినగానే మన హృదయము త్వరపడి, మనవారికి అన్యాయము జరిగెననును. కాని రాజడిగినను పిత్రార్జితమును ఇయ్యనన్న నాబోతును మనము మెచ్చుకొందుము గదా? ఫీజీయుడును తన స్వాస్థ్యమునే కాపాడుకొనెను. దున్నినవాని చెమటయు ఒక న్యాయమే. ఒక పూట చూచిపోవు అతిథి ఆ వ్యాజ్యమునకు తీర్పరి కాజాలడు.

మరి అతడేమి చేయవలెను? చిన్న రైతు పెట్టు అన్నము అతని బిడ్డల పళ్లెములోనిదని యెరిగి తినవలెను. ఫోటో తీయవలదనను, అడిగి తీయుము. నీ పొలములో ఎవడైన అడుగక తీసినయెడల నీవూరకుందువా? ఆదాయమెంత అని అడుగకుము. కౌలు ఇంక ఎన్నేండ్లున్నదని అడిగి, అతడు చెప్పినంతసేపు కూర్చుండుము. మన ఊరి గొప్పలే చెప్పక, ధర పడిన యేట మన రైతు టమోటాలను రోడ్డుప్రక్కన పారబోసి వట్టి బండితో ఇల్లు చేరుటయు చెప్పుము. అప్పుడు మీరిద్దరు రైతులుగా మాటలాడుకొందురు.

నీవు ఇల్లు చేరిన తరువాత ఒక సంగతి యున్నది. బిడ్డలు దూరదేశమందుండగా నీ నాలుగెకరములు ఎవరు దున్నుచున్నారు? మాటమీద కౌలేనా? వాన లేక పంట యెండినప్పుడు కౌలు తగ్గించితివా? నష్టపరిహారము నీ పేర వచ్చినయెడల ఎవరి చేతికిచ్చితివి? 2019లో మన రాష్ట్రములో కౌలుదారునికి పదునొకండు నెలల పత్రమిచ్చు చట్టము వచ్చెను. ఆ పత్రమునకు భూమిగలవాని సంతకము కావలసియుండెను. ఫీజీలో గడువు తీరినవానికొరకు కన్నీరు విడిచిన నీవు, అతడు ఆ కాగితము తెచ్చి నీ వాకిట నిలిచినప్పుడు సంతకము పెట్టితివా, రేపు రమ్మంటివా?