కొలువు పోయినను కాయకము పోదు



గుంటూరు, ప్రకాశము సీమల నల్లరేగడి నేలలలో జనుల బ్రతుకుతెరువు పత్తితోడను మిరపతోడను ముడివడియున్నది. పత్తి వచ్చు నెలలలో జిన్నింగు మిల్లు రేయింబవళ్ళు తిరుగును; రాక తగ్గినచో యంత్రము ఆగును. గుంటూరు మిర్చి యార్డునకు వేసవి సెలవులు ప్రకటించిననాడు హమాలీకి మోయుటకు బరువుండదు. 2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌన్ వచ్చినపుడు ఎన్నో మిల్లుల గేట్లు ఒక్కసారిగా మూతపడెను.

ఇట్లు పని పోయిన గుమాస్తా నొకనిని భావింపుడు. అతడు ప్రొద్దుననే స్నానము చేసి, ఇష్టలింగపూజ ముగించి, ఎప్పటివలెనే క్యారియరు చేతబట్టి బయలుదేరును. పోవుటకు మిల్లు లేదు. బస్టాండు బల్లపై సాయంకాలము వరకు కూర్చుండి ఇల్లు చేరును. ఇల్లాలికి చెప్పడు. పాత మిత్రుడు ఎదురైనచో ప్రక్క సందు త్రొక్కును. జేబులోని రూకలకంటె ముందుగా అతని ధైర్యము తరిగిపోవుచున్నది. తప్పు చేయనివానికి ఈ సిగ్గెందులకు?

కొలువును, కాయకమును ఒక్కటిగా నెంచుటయే ఈ సిగ్గునకు మూలము. కొలువు యజమాని యిచ్చునది, అతడే తీసికొనవచ్చును. కాయకము మనుష్యుని చేతియందును మనస్సునందును నిలిచియుండునది. బసవేశ్వరుడు బిజ్జలుని కొలువున భండారియై యుండి, కల్యాణ సంక్షోభ కాలమున ఆ పదవిని వీడి కూడలసంగమమునకు మరలెనని సంప్రదాయము. పదవి పోయినను ఆయన గౌరవము పోలేదు.

తానై వీడుట వేరు, తీసివేయబడుట వేరు అని యెవరైన ననవచ్చును. నిజమే. బిడ్డల ఆకలికి ఉపదేశము చాలదు. కావుననే శరణులు కాయకము ప్రక్కన దాసోహమును నిలిపిరి. అల్లమప్రభువు అధ్యక్షుడుగా నున్న అనుభవ మంటపమున పడవ నడుపు అంబిగర చౌడయ్య, త్రాళ్ళు పేను నులియ చందయ్య, బట్టలుతుకు మడివాళ మాచయ్య కలిసి కూర్చుండిరి. వారి పేర్లలోనే వారి పనులు నిలిచెను. ఎవరికే పని వచ్చునో సభకంతకు తెలియును. కొలువు పోయినవాడు చేయవలసినదియు నిదియే: తన పనిని నలుగురికి తెలియజేయుట.

మొదట ఇల్లాలికి చెప్పవలెను. పిదప పాత పదవి పేరు గాక, తనకు వచ్చిన పనులను కాగితముపై వ్రాసికొనవలెను: దూదిబేళ్ళ లెక్క, తూకపు చిట్టా, పత్తిలో తేమ పరీక్ష, తాలుకాయల ఏరివేత పర్యవేక్షణ. మిల్లులో నేర్చిన లెక్క శీతల గిడ్డంగిలో మిర్చి టిక్కీలకును, ఎరువుల దుకాణమునకును అక్కరకు వచ్చును. పాత సహోద్యోగులను, లారీ ఆఫీసువారిని, కమీషను వ్యాపారులను కలిసి, పని యున్నచో తెలుపుడని యడుగవలెను. ఇది యాచన కాదు. యాచకుడు వస్తువు నడుగును, ఇతడు కష్టపడుటకు చోటు నడుగుచున్నాడు. ఉపాధి కల్పనా కార్యాలయమున పేరు నమోదు చేయించుకొనవలెను. 2015లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన నేషనల్ కెరీర్ సర్వీసునందును రుసుము లేకయే నమోదు కావచ్చును. ఉద్యోగ మిప్పింతునని ముందుగా సొమ్మడుగువానిని మాత్రము దరిచేరనీయరాదు.

ఇక కొలువున్నవారి ధర్మమేమి? దాసోహమనగా పంక్తిభోజనము మాత్రమే కాదు. ఎక్కడనైన ఖాళీ యున్నదని తెలిసినపుడు ఆ కబురు చేరవేయుటయు, తగినవారికి పరిచయము చేయుటయు దాసోహమే. దీనికొక హద్దు కలదు. ఆయ్దక్కి మారయ్య ఒకనాడు అవసరమునకు మించి బియ్యము ఏరి తేగా, మిగులును తిరిగి పోసి రమ్మని భార్య లక్కమ్మ పంపెనని శరణుల కథ. రాని పనిని వచ్చునని చెప్పు సిఫారసు ఆ మిగులు బియ్యము వంటిది. అది మరియొక అర్హుని కంచములోని మెతుకు.

మహాశివరాత్రికి కోటప్పకొండకు తరలు ప్రభను ఒక్క చేయి నిలుపజాలదు. నలువైపుల మోకులు పట్టువారున్నపుడే అది ఒరగక సాగును. కొలువు పోయిన ఇల్లును అట్టిదే. రేపు ప్రొద్దున క్యారియరుతో బయలుదేరినవాడు బస్టాండున ఆగక ఒక పాత మిత్రుని గడప యెక్కుగాక! ఆ మిత్రుడు తలుపు తీయుగాక!

శరణు శరణార్థి.