గడప దాకా రావలసిన మినహాయింపు

ఇంటి పన్ను తగ్గింపును సాధారణంగా పురపాలనకు సంబంధించిన లెక్కల వ్యవహారంగానే చూస్తారు గానీ, దాని అడుగున ధర్మశాస్త్రాలు ఏనాటి నుంచో విచారిస్తూ వచ్చిన ప్రశ్న ఒకటి ఉంది: పాలకుడు ప్రజల భారం తగ్గించదలచినప్పుడు, ఆ సంగతి భారం మోసేవారికి చేరేలా చూడవలసింది ఎవరు? చట్టం తెలియదనడం సాకు కాదన్న సూత్రం శిక్ష విషయంలో సమంజసమే కావచ్చు. అదే సూత్రాన్ని ఉపశమనానికి కూడా వర్తింపజేస్తే ఫలితం తలకిందులవుతుంది, ఎందుకంటే మినహాయింపు అవసరం ఎవరికి ఎక్కువో, దాని గురించి తెలుసుకునే తీరికా సాధనాలూ తరచుగా వారికే తక్కువ.

హైదరాబాదులో నివాసాల పన్నును వార్షిక అద్దె విలువ మీద, అంటే ఇల్లు అద్దెకిస్తే ఏడాదికి ఎంత రావచ్చునన్న అంచనా మీద కడతారు. ప్రాంతాన్నీ కట్టడాన్నీ బట్టి చదరపు అడుగుకు నెలకు ఇంత అని నిర్ణయించిన రేటును ఇంటి వైశాల్యంతోనూ పన్నెండు నెలలతోనూ హెచ్చవేసి, కట్టడం వయసు 25 ఏళ్ల లోపైతే 10 శాతం, 40 ఏళ్ల లోపైతే 20 శాతం, అది దాటితే 30 శాతం తగ్గించి, మిగిలినదాని మీద శ్లాబుల ప్రకారం పన్ను వేసి, దానికి 8 శాతం గ్రంథాలయ సెస్సు కలుపుతారు. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో 2021 ఏప్రిల్ నుంచి మూలధన విలువ, అంటే స్థలమూ కట్టడమూ కలిపి ఆస్తికి కట్టిన విలువ, ప్రాతిపదిక అయింది. ఏడాదికి పెరుగుదల 15 శాతం మించకూడదన్న కట్టడినీ దానితో పాటే తెచ్చారు. చిన్న ఇళ్ల మీద కనికరం రెండు చోట్లా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 375 చదరపు అడుగుల లోపు నివాసానికి ఏడాదికి 50 రూపాయలే నిర్ణయించగా, ఏటా 1,200 రూపాయల లోపు పన్ను పడే ఇళ్లకు దాన్ని 101 రూపాయలు చేస్తూ హైదరాబాదులో 2016 నగరపాలక ఎన్నికలకు ముందు నిర్ణయం జరిగింది.

ఈ తగ్గింపులన్నీ ఒక జాతివి కావు. చిన్న ఇంటికి ఇచ్చే తగ్గింపును యజమాని అడగనక్కరలేదు, కార్యాలయమే లెక్కలో వేసుకుంటుంది. ఇల్లు ఖాళీగా పడి ఉన్న కాలానికి ఇచ్చే వేకెన్సీ రెమిషన్ మాత్రం అర్జీ పెడితేనే వస్తుంది. పన్ను తప్పుగా వేశారని భావించిన యజమాని రివిజన్ పిటిషన్ వేసుకుంటేనే సవరణ జరుగుతుంది. మొదటి రకంలో ఉపశమనం మనిషిని వెతుక్కుంటూ వస్తుంది, రెండో రకంలో మనిషి దాన్ని వెతుక్కుంటూ పోవాలి. కాగితం మీద రెండూ హక్కులే. అయినా గుమాస్తాతో మాట్లాడగలిగినవాడికీ, కౌంటరు దగ్గర నిలబడే ధైర్యం చాలనివాడికీ రెండో రకం హక్కు ఒకే పాటి హక్కుగా మిగలదు.

పరాశర స్మృతి దానాన్ని తరగతులుగా విభజించిన తీరు ఇక్కడ ఎంతో ఉపకరిస్తుంది. పుచ్చుకునేవాడి దగ్గరికి తానే వెళ్లి ఇచ్చేది ఉత్తమమని, పిలిపించి ఇచ్చేది మధ్యమమని, అడిగించుకుని ఇచ్చేది అధమమని, సేవ చేయించుకుని ఇచ్చేదానికి ఫలమే లేదని ఆ స్మృతి నిర్ణయించింది. ఇచ్చిన వస్తువు నాలుగు సందర్భాల్లోనూ ఒకటే కావచ్చు. మారినది రెండు గుమ్మాల మధ్య దూరాన్ని ఎవరు నడిచారన్నది మాత్రమే. ఆ ఒక్క భేదం మీదే దానం విలువ ఆధారపడి ఉందని స్మృతికారుడు తేల్చాడంటే, అడగవలసి రావడంలోని చిన్నతనాన్ని ఆయన పుచ్చుకునేవాడి వైపు నిలబడి చూశాడని గ్రహించాలి.

పన్ను మినహాయింపు దానం కాదు గదా అన్న అభ్యంతరం సహజమైనదే. నగరపాలక సంస్థ తన సొంత సొమ్మేమీ ఇవ్వడం లేదు. పౌరుడి దగ్గర తీసుకోకూడనిదాన్ని తీసుకోకుండా ఆగుతోంది, అంతే. అయితే ఈ అభ్యంతరం పరాశరుడి వాదాన్ని బలహీనపరచదు, మరింత గట్టిపరుస్తుంది. స్వేచ్ఛగా ఇచ్చే దానంలోనే ఇచ్చేవాడు నడిచి వెళ్లడం ఉత్తమమైనప్పుడు, చట్టప్రకారం అవతలివాడికి చెందిన దాన్ని అందించడంలో ఆ నడక ఔదార్యం అనిపించుకోదు, కనీస విధి అవుతుంది.

ఈ విధిని గుర్తించిన పాలకుడు తెలుగుదేశపు చరిత్రలోనే ఉన్నాడు. నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి రేవులో కాకతీయ గణపతిదేవుడు క్రీ.శ. 1244లో వేయించిన అభయశాసనం, తుపానుకు ఓడలు పగిలి ఒడ్డుకు చేరిన సరుకును మునుపటి రాజులు బలవంతంగా లాక్కునేవారని చెబుతూ, ఇకపై క్లుప్తశుల్కం, అంటే ముందే నిర్ణయించి ప్రకటించిన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని వర్తకులకు మాట ఇచ్చింది. ఆ మాట ఓరుగల్లు కొలువులోని దఫ్తరంలో ఆగిపోలేదు. సర్వస్వం పోగొట్టుకున్న పరదేశి మొదట కాలు మోపే రేవులోనే రాతి స్తంభం మీదికి ఎక్కింది. ప్రాణం దక్కించుకున్న నావికుడికి తన హక్కు ఏమిటో ఎవరినీ అడగకుండానే తెలిసే ఏర్పాటు అది. కాకతీయుల కీర్తిని చెప్పేవారు కోటలనూ చెరువులనూ తలచుకున్నంతగా ఈ స్తంభాన్ని తలచుకోకపోవడం లోటే.

ఇంతకంటే చిక్కైన ప్రశ్న బకాయిల మాఫీ దగ్గర ఎదురవుతుంది. హైదరాబాదులో పాత బకాయిల మీద పేరుకున్న వడ్డీలో 90 శాతం రద్దు చేసే వన్ టైమ్ స్కీమ్‌ను ఒకసారి కాక పలుమార్లు ప్రకటించారు. బకాయి మీద వడ్డీ నెలకు 2 శాతం చొప్పున పడుతుంది గనుక, 3,000 రూపాయల పన్ను 50 నెలలు చెల్లించకుండా ఉంటే వడ్డీ కూడా 3,000 అవుతుంది. పథకం వచ్చాక అందులో 300 కడితే చాలు, 2,700 రద్దవుతుంది. అదే పన్నును ఏప్రిల్‌లోనే ముందుగా కట్టినవాడికి దక్కే 5 శాతం రాయితీ 150 రూపాయలు. వేళకు కట్టినవాడి మనసులో ఇది కలిగించే నొప్పి అసూయ కాదు.

మత్తయి సువార్తలోని ద్రాక్షతోట ఉపమానం ఈ నొప్పినే ఎదుర్కొంటుంది. పొద్దుటి నుంచి ఎండలో పనిచేసినవారికీ చివరి గంటలో వచ్చినవారికీ యజమాని ఒకే కూలి ఇవ్వగా, ముందు వచ్చినవారు సణుగుతారు. ఒప్పుకున్న కూలి ముట్టింది గనుక మీకు అన్యాయం జరగలేదని, తన సొత్తును తన ఇష్టం వచ్చినట్టు ఇచ్చే హక్కు తనకు ఉందని యజమాని బదులిస్తాడు. దైవకృపకు ఈ సమాధానం సరిపోతుంది. నగరపాలక సంస్థ నోట మాత్రం ఇది చెల్లదు, ఎందుకంటే ఆ సొమ్ము దాని సొంతం కాదు, వీధిదీపానికీ మురుగుకాలువకూ వేళకు కట్టినవారు కూడబెట్టిన ఉమ్మడి సొత్తు. ఇబ్బందిలో ఉన్న రుణగ్రస్తుడికి వెసులుబాటు చిక్కేదాకా గడువివ్వాలని, వదిలివేస్తే మరీ మేలని ఖురాన్ రెండో అధ్యాయం చేసే బోధ ఇక్కడ ఎక్కువ దారి చూపుతుంది, ఎందుకంటే అది ఇబ్బంది అన్న షరతును వదలదు. వన్ టైమ్ స్కీమ్‌లో ఆ షరతు కనిపించదు. పైగా అసలు మొత్తాన్నీ, మిగిలిన 10 శాతం వడ్డీనీ ఒకేసారి కట్టాలన్న నియమం వల్ల, చేతిలో డబ్బుండి ఆగినవాడు సులువుగా లాభపడతాడు, నిజంగా కట్టలేకపోయినవాడు బయటే మిగిలిపోతాడు. కరుణ పేరుతో వచ్చినది కరుణ అవసరమైనవాడినే దాటిపోవడం ఇందులోని అసలు దోషం.

మాఫీలు వద్దని దీని అర్థం కాదు. కొత్తగా స్థిరపడినవారికి పన్ను మినహాయింపులు ఇవ్వమని చెప్పిన కౌటిల్యుడే, అవి ఖజానాను పెంచేవిగా ఉండాలి తప్ప గుల్ల చేసేవి కాకూడదని, కోశం చిక్కిపోయిన రాజు చివరికి పౌరులనూ పల్లెప్రజలనూ కబళిస్తాడని అర్థశాస్త్రం రెండో అధికరణంలో హెచ్చరించాడు. మినహాయింపు గడువు తీరినవారిని తండ్రిలా ఆదుకోవాలని ఆ చోటే చెప్పడం విశేషం. తండ్రి తన పిల్లల్లో ఎవరు కట్టలేరో, ఎవరు కట్టరో ఎరిగి ఉంటాడు. ఆ ఎరుక లేకుండా అందరికీ ఒకే శాతం ప్రకటించడం ఆ పోలికకు తగదు.

ఆ ఎరుకకు దారి కొత్తగా వేయనక్కరలేదు, బిల్ కలెక్టర్ ప్రతి గడపకూ ఇప్పటికే వెళుతున్నాడు. ఆయన చేతిలోని డిమాండ్ నోటీసులో గుర్తింపు సంఖ్య, అర్ధ సంవత్సరపు పన్ను, బకాయి, వడ్డీ ఉంటాయి. ఆ ఇంటికి వర్తించే తగ్గింపులు కూడా అదే కాగితం మీద, అదే అక్షరాలతో ఉండకూడదనడానికి కారణం కనిపించదు. హైదరాబాదులో ప్రాపర్టీ ట్యాక్స్ పరిష్కారం పేరిట సర్కిల్ కార్యాలయాల్లో నడిపిన ఫిర్యాదుల సమావేశాలు మంచి ప్రయత్నమే అయినా, పరాశరుడి కొలతలో అవి పిలిపించి ఇచ్చే మధ్యమ శ్రేణికే చేరతాయి. పాత బస్తీల్లో ఏనాడో పోయిన తాత పేరు మీదే నోటీసు వస్తున్న ఇళ్లు ఉంటాయి. అక్కడ నివసించే ముసలి కోడలు పేరు మార్పించుకోనిదే, కార్యాలయం దృష్టిలో ఏ అర్జీకీ అర్హురాలు కాదు. పన్ను వసూలుకు చనిపోయినవాడి పేరు అడ్డు రానప్పుడు, తగ్గింపు ఇవ్వడానికి మాత్రం ఎందుకు అడ్డు వస్తుందో చెప్పవలసింది కార్యాలయమే, ఆమె కాదు.