ఇయ్యదగినది - ఇయ్యరానిది

దోషము లేనివానికి దాపరికమేల యను మాట లోకమున తరచుగా వినబడుచుండును. నిజాయితీగా కాయకము చేసికొని బ్రదుకు గృహస్థుని సెల్‌ఫోనులో నేమున్నదని భయపడవలెను? పిల్లల ఫోటోలు, బ్యాంకు లెక్కలు, బంధువుల నంబర్లు, స్వాములవారి ప్రవచనముల రికార్డులు. ఇవి యెవరు చూచినను వచ్చు నష్టమేమి? ఈ ప్రశ్న సులభముగా తోచును. కాని దీనికి సమాధానము చెప్పుటకు ముందు గోప్యత యననేమి, దోషమును కప్పిపుచ్చుట యననేమి యను భేదమును గ్రహింపవలెను.

వీరశైవునకు ఈ భేదము క్రొత్తది కాదు. అతడు ఇష్టలింగమును లింగకాయలో నుంచి వస్త్రము మాటున ధరించును. అది సిగ్గుపడవలసిన వస్తువగుటచేత కాదు, మిక్కిలి స్వకీయమగుటచేత. కావున కప్పియుంచినదెల్ల పాపము కాజాలదు. తూనికరాళ్లలో మోసము చేసిన వర్తకుడు దానిని దాచుట వేరు. రోగి తన రోగమును వైద్యునికి మాత్రమే చెప్పుకొనుట వేరు. మొదటిది పరుల హక్కును హరించును. రెండవది యెవరి హక్కును హరింపదు.

అయినను, దాసోహమును బోధించిన బసవేశ్వరుని మార్గమున నడచువారు తమవి తాము దాచుకొనుట స్వార్థము కాదా యని యడుగువారుందురు. దాసోహమనగా తన కాయకఫలమును సమర్పించుట. తనది కానిదానిని తీసి యిచ్చుట దాసోహము కానేరదు. నేటి ఫోనులో నున్నది దాని యజమానుని సొత్తు మాత్రమే కాదు. అందు మేనత్త నంబరున్నది, తోడికోడలి రోగపు కాగితమున్నది, పొరుగింటి బిడ్డ ఫోటోయున్నది. తెలియని యాప్‌నకు "అనుమతించుచున్నాను" అని యొక్క వ్రేలితో నొక్కినవాడు తన సొమ్ము నిచ్చుట లేదు. వారెవ్వరి నడుగకయే వారి సొమ్ము నిచ్చుచున్నాడు. ఇయ్యరానిది ఇయ్యకుండుట స్వార్థము కాదు, నిక్షేపమును కాపాడుటయే.

ఇట్టి నిక్షేపము కాపాడువారి చేతులనుండియే జారిపోయిన సంగతులు తెలుగునాట జరిగినవి. 2017 మే నెలలో వెలువడిన యొక పరిశోధన నివేదిక, ఆధారు వివరములను బహిరంగముగా చూపుచున్న నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్లను పేర్కొనెను. వానిలో రెండు ఆంధ్రప్రదేశమునకు చెందినవే. 2018 ఏప్రిలులో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో సుమారు 1 లక్షా 34 వేల మంది లబ్ధిదారుల ఆధారు సంఖ్యలు, బ్యాంకు వివరములు, కులమతముల సమాచారము ఎవరికైనను కనబడునట్లుండెను. అదే సంవత్సరము తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాలో, రిజిస్ట్రేషను దస్తావేజులపై నున్న వేలిముద్రలనుండి నకిలీ ముద్రలు తయారుచేసి సిమ్‌కార్డులను చలామణి చేసిన వైనము బయటపడెను. పాస్‌వర్డు పోయిన మార్చుకొనవచ్చును. వ్రేలిని మార్చుకొనుట యెట్లు? దస్తావేజు వ్రాయించుకొన్న రైతు ఏ దోషమును చేయలేదు. అయినను అతని ముద్రయే అతనికి శత్రువాయెను. దోషము లేనివానికి భయము లేదను మాట ఇచ్చటనే వీగిపోవుచున్నది.

విశాఖపట్టణమునకు ఈ పాఠము మరియొక రూపమున వచ్చినది. 2019 డిసెంబరులో "ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్" పేరిట జరిగిన దర్యాప్తులో, ఫేస్‌బుక్ పరిచయముల ద్వారా వలలో పడి నౌకల సమాచారమును అందజేసిరను ఆరోపణపై నావికాదళ సిబ్బందిని అరెస్టు చేసిరి. ఆ నెలలోనే నౌకాదళము తన స్థావరములలోను నౌకలలోను స్మార్టుఫోనులను నిషేధించెను. ఇంటిగుట్టు లంకకు చేటన్న సామెత రేవుపట్టణమున అక్షరాల నిజమైనది. ఒక్కని యజాగ్రత్త ఒక్కనితో ఆగదు.

చట్టము ఊరకుండలేదు. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి 2012లో వేసిన దావాపై, 2017 ఆగస్టు 24వ తేదీన సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఏకగ్రీవముగా గోప్యత ప్రాథమిక హక్కని తీర్పు చెప్పెను. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము వచ్చినది. కాని హక్కు కోర్టులో గెలువవచ్చును గాని, దాని నాచరించుట ఇంటిలోనే జరుగవలెను.

దువ్వాడ స్టేషను పరిసరములలో నేమి, ఏ యూరిలో నేమి, జెరాక్సు దుకాణమునకు పోయినవాడు ఆధారు కార్డును దుకాణదారుని వాట్సాప్‌నకు పంపి నకలు తీయించుకొనును. నకలు అతని చేతికి వచ్చును. అసలు చిత్రము దుకాణపు ఫోనులోనే నిలిచిపోవును. పని ముగియగానే తన యెదుటనే దానిని తుడిచివేయుమని యడుగుటకు చాలమందికి మొగమాటము. చివరి నాలుగంకెలు మాత్రమే కనబడు "మాస్క్‌డ్ ఆధారు" కలదనియు, వేలిముద్రల వినియోగమునకు తాళము వేసికొను సదుపాయమును ఆధారు సంస్థయే ఇచ్చుచున్నదనియు ఎరిగినవారు కొందరే.

ఇక "క్లౌడు" సంగతి. మేఘమను పేరు విని సమాచారము ఆకాశమున తేలుచున్నదని భ్రమపడరాదు. అది భూమిమీద, గోడల నడుమ, విద్యుత్తును త్రాగుచు నడచు యంత్రములలో నున్నది. 2025 అక్టోబరు 14న గూగుల్ సంస్థ విశాఖలో 5 సంవత్సరములలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడితో మహా సమాచార కేంద్రమును నెలకొల్పుదునని ప్రకటించెను. కేంద్రము పొరుగున నున్నంత మాత్రమున అందలి తాళపుచెవి పొరుగువాని చేతికి రాదు. ఈ సత్యము ఉక్కునగరమువారికి వేరుగ చెప్పనక్కరలేదు. కొలిమి తమదై గని తమది కానందున విశాఖ ఉక్కు కర్మాగారము పడిన యిక్కట్లు వారెరిగినవే.

అందుచేతనే తన సమాచారమును తన యింటి చిన్న కంప్యూటరులోనే ఉంచుకొను పద్ధతి యొకటి వచ్చినది. అమెరికా న్యాయశాస్త్రాచార్యుడు ఎబెన్ మోగ్లెన్ 2010లో న్యూయార్కున చేసిన ప్రసంగములో ఇంటింట నొక చిన్న సర్వరుండవలెనని సూచించెను; దానినుండి "ఫ్రీడంబాక్సు" పుట్టినది. "నెక్స్ట్‌క్లౌడ్" వంటి ఉచిత సాఫ్ట్‌వేరుతో ఫోటోలను, కాగితములను తన పెట్టెలోనే దాచుకొనవచ్చును. తెలుగునాట స్వేచ్ఛ యను సంస్థ ఇట్టి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును ప్రచారము చేయుచున్నది.

అయితే ఇది అందరికిని సాధ్యమా? సాధ్యమని చెప్పుట అసత్యమగును. సొంతపెట్టెకు కాయకము కావలెను. సాఫ్ట్‌వేరును ఎప్పటికప్పుడు సరిచేయక నిర్లక్ష్యము చేసినచో, పెద్ద సంస్థ కోటకంటె ఇంటి తలుపే సులభముగా విరుగును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విరుచుకుపడినప్పుడు విశాఖలో దినముల తరబడి కరెంటు లేదు, ఫోనులు మ్రోగలేదు. అట్టి సమయమున ఇంటిపెట్టె ఆగిపోవును, దూరపు క్లౌడు అందకపోవును. ముఖ్యమైన కాగితముల ప్రతి యొకటి ఇంట, ఒకటి వేరొక యూరి బంధువునొద్ద హార్డుడిస్కులో నుండుట మేలు. కొందరు కలిసి, కంప్యూటరు విద్య నేర్చిన యువకుని కాయకముతో, ఒకే పెట్టెను నడుపుకొనుట మధ్యమార్గము.

మఠములకును, సంఘములకును ఈ ధర్మము మరింత వర్తించును. వధూవరుల పరిచయ పట్టికలలో కన్నెపిల్లల ఫోటోలు, పుట్టినతేదీలు, ఫోను నంబర్లు ముద్రించి పంచుట సేవాభావముతో జరుగుచున్నది. పూర్వము ఆ పుస్తకము నూరిండ్లకు పోయి ఆగెడిది. నేడు వాట్సాప్ గుంపులో పడిన పట్టిక ఎక్కడ ఆగునో పంపినవానికి తెలియదు. పిల్ల అనుమతి లేక ఆమె నంబరును వేయకుండుట, పెద్దల ద్వారానే సంప్రదింపు జరుపుట, సంబంధము కుదిరిన పిమ్మట వివరములను తీసివేయుట కష్టమైన పనులు కావు. దీక్షాపట్టికలు, దాతల చిరునామాలు భక్తులు విశ్వాసముతో అప్పగించిన నిక్షేపములు. కావలసినంతకు మించి అడుగకుండుట, పని తీరినది ఉంచుకొనకుండుట మఠమర్యాద.

దోషము లేనివానికి దాపరికమేల యన్న ప్రశ్న తననుగూర్చి మాత్రమే ఆలోచించువాని ప్రశ్న. పరులు తననమ్మి యిచ్చినదానిని తానేమి చేసెదనని ప్రశ్నించుకొనువానికి సమాధానము వెంటనే దొరకును. తన కాయకఫలమును చేయివిప్పి యిచ్చువాడు, పరుల గుట్టును పిడికిలి బిగించి కాచువాడు, ఈ యిద్దరును ఒక్కడే కావలెను.