మన ఇంటికి ఏ పక్షిని తెచ్చుకుందాం?

 

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక జుమా నమాజు తర్వాత, భద్రాచలం వైపు అడవి అంచున ఉన్న ఒక ఊరి మస్జిదులో ఒక తండ్రి తన పదేళ్ల కొడుకును వెంటబెట్టుకుని మా దగ్గరికి వచ్చారు. పిల్లవాడి చేతిలో ఒక అట్టపెట్టె, అందులో రెండు రామచిలుక పిల్లలు. ఇంకా ఈకలు కూడా సరిగా రాలేదు. సంతలో ఎవరో అమ్ముతుంటే కొన్నారట. "మౌలానా సాబ్! పంజరంలో చిలుకను పెంచుకోవడం జాయెజేనా? వీటికి సలాం, కలిమా నేర్పుదామనుకుంటున్నాం" అని తండ్రి అడిగారు.

ఆయన కోరుకున్నది ఒక్క మాట జవాబు. కానీ ఆ పెట్టెలోకి చూసిన తర్వాత ఒక్క మాటతో సరిపెట్టడం మాకు సాధ్యం కాలేదు.

ఇంట్లో పక్షిని పెంచుకోవడం ఇస్లాంలో నిషిద్ధం కాదు. హజ్రత్ అనస్ (రజి) గారి చిన్న తమ్ముడు అబూ ఉమైర్ దగ్గర నుగైర్ అనే ఒక చిన్న పిట్ట ఉండేది. దానితో ఆడుకునేవాడు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఆ ఇంటికి వచ్చినప్పుడల్లా ఆ పిల్లవాడిని పలకరించేవారు. పిట్ట చనిపోయి వాడు దిగాలుగా ఉంటే, నీ పిట్ట ఏమైందంటూ ప్రేమగా అడిగారు. ఇది బుఖారీ, ముస్లిం రెండు గ్రంథాల్లోనూ ఉంది. మానవాళికి మార్గం చూపడానికి వచ్చిన మహనీయులు, ఒక పసివాడి పిట్ట గురించి ఆగి అడిగారు! హిజ్రీ నాలుగో శతాబ్దికి చెందిన షాఫయీ పండితులు ఇబ్నుల్ ఖాస్ (రహ్మలై) ఈ చిన్న హదీసు మీదే ఒక పుస్తకం రాసి, దాని నుంచి అరవై విషయాలు వెలికితీశారు. పిల్లలు పక్షితో ఆడుకోవచ్చన్నది వాటిలో ఒకటి. అయితే ఆడుకోవడం వేరు, హింసించడం వేరని కూడా ఉలమాలు అక్కడే చెప్పారు.

ఇక రెండో హదీసు. ఒక ప్రయాణంలో కొందరు సహాబాలు ఒక పిట్ట పిల్లలు రెండింటిని తీసుకున్నారు. తల్లిపిట్ట వచ్చి రెక్కలు కొట్టుకుంటూ అక్కడే తిరగసాగింది. ప్రవక్త (సఅసం) అది చూశారు. దీని పిల్లలను తీసి దీన్ని బాధపెట్టింది ఎవరని అడిగి, పిల్లలను తిరిగి ఇచ్చేయమని ఆజ్ఞాపించారు. హజ్రత్ అబ్దుల్లాహ్ ఇబ్నె మస్ఊద్ (రజి) ఉల్లేఖనం ఇది, అబూ దావూద్‌లో ఉంది.

ఇప్పుడు ఆ అట్టపెట్టె దగ్గరికి వద్దాం. రామచిలుక గూడు అల్లుకోదు. చెట్టు తొర్రలో గుడ్లు పెడుతుంది. చలికాలం చివరి నుంచి ఎండాకాలం దాకా అడవిలోనూ, ఊరి పొలిమేరల్లోనూ ఎండిన తాటిమానుల్లో, పాత చెట్ల తొర్రల్లో పిల్లలుంటాయి. పట్టేవాళ్లు పైకెక్కి తొర్రలో చెయ్యి పెట్టి లాగుతారు. చెయ్యి పట్టకపోతే తొర్రను నరికి పెద్దది చేస్తారు. అలా నరికిన తొర్ర మరుసటి ఏడాదికి ఏ పక్షికీ పనికిరాదు. బుట్టల్లో కుక్కి ఎండలో తెచ్చే పిల్లల్లో చాలావాటికి సంత చేరేదాకా ఊపిరి నిలవదు. మనం ఒక చిలుకను కొంటున్నామనుకుంటాం. దాని వెనుక ఎన్ని చనిపోయాయో లెక్క మనకు తెలియదు, అల్లాహ్‌కు తెలుసు.

"సలాం నేర్పుదామని" అన్నారు ఆ తండ్రి. మన ఇళ్లలో ఇది పాత ముచ్చటే. మియా మిట్టూ సలాం చెబితే వచ్చిన చుట్టాలు మురిసిపోతారు. కానీ చిలుక మాట్లాడటం ఎందుకో తెలుసా? అది గుంపులో బతికే పక్షి. తోటి పక్షుల కూతలు నేర్చుకోవడం దాని స్వభావం. గుంపు దూరమైనప్పుడు మన మాటలనే నేర్చుకుంటుంది. పైగా, రెక్కలు చాచి ఎగిరే పక్షులకు తమ నమాజూ, తమ తస్బీహ్ తెలుసునని సూరె నూర్ 41వ ఆయత్ మనకు చెబుతోంది. ఆ చదువు దానికి ముందే వచ్చు. మనం నేర్పడానికి ఏం మిగిలింది?

ఈ ప్రాంతపు హిందూ సోదరులు కంచర్ల గోపన్న గురించి ఒక కథ చెప్పుకుంటారు. తానాషా కాలంలో పాల్వంచ తహసీల్దారుగా ఉండి, భద్రాచలం గుడి కట్టించి, గోల్కొండ ఖైదులో పడ్డ రామదాసు ఆయనే. పూర్వం ఒక చిలుకను పంజరంలో బంధించినందుకే ఆయనకు ఆ చెర ప్రాప్తించిందని ఆ కథ. పూర్వజన్మ అనేది మన విశ్వాసం కాదు. అయినా, చిలుకను బంధించడం ఊరికే పోదని ఈ గోదావరి ఒడ్డు జనం ఎన్ని తరాలుగా అనుకుంటున్నారో చూడండి.

చట్టం సంగతి కూడా చెప్పాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రామచిలుక, కొండ మైనా, మునియా వంటి మన దేశపు అడవి పక్షులను పట్టడం, అమ్మడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం. 2022లో ఈ చట్టాన్ని సవరించి జరిమానాలు పెంచారు. "అందరూ పెంచుతున్నారు కదా" అనే మాట రేంజి ఆఫీసులోనూ చెల్లదు, హష్ర్ మైదానంలోనూ చెల్లదు.

మరి ఏది తెచ్చుకోవాలి? తరతరాలుగా మనిషి చేతుల్లోనే పుట్టి పెరుగుతున్న పక్షిని. బజారులో "లవ్ బర్డ్స్" పేరుతో అమ్మే చిన్న పక్షుల్లో ఎక్కువ భాగం నిజానికి బడ్జీలు. వీటి పుట్టినిల్లు ఆస్ట్రేలియా. 1840లో జాన్ గౌల్డ్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు వీటిని ఇంగ్లండుకు తీసుకెళ్లాడు. అప్పటి నుంచి ఇవి ఇళ్లలోనే పిల్లలు పెడుతున్నాయి. చిన్న వయసులో తెచ్చి రోజూ ఓపికగా చేతితో గింజలు పెడితే వేలి మీదికి వస్తాయి. ముక్కు పైభాగం నీలంగా ఉంటే మగది, గోధుమరంగులో ఉంటే ఆడది. ఒంటరిగా ఉంచకండి, జంటగా తెచ్చుకోండి. తల మీద కుచ్చు ఉండే కాకటీల్ ఇంకా నెమ్మదైనది, ఈల వేస్తుంది. కానీ అది పదిహేనేళ్లు, అంతకు మించి కూడా బతకవచ్చు. పిల్లవాడు చదువుకు వెళ్లిపోయాక దాన్ని చూసేదెవరో ముందే ఆలోచించుకోండి. ఫించ్‌లు చూడటానికే గానీ చేతికి రావు. రంగులద్దిన పిట్టలను, కోడిపిల్లలను మాత్రం కొనకండి. అది మోసం, హింస కూడా.

పావురం చాలా సాధువు. అయితే మేడ మీద పావురాలాట ఒక వ్యసనంగా మారి నమాజులు పోయిన ఇళ్లు మనకు తెలియనివి కావు. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లుంటే దాని ఈకల దుమ్ము మంచిది కాదు. ఇక స్థలం ఉన్నవాళ్లు నాటుకోడిని ఎందుకు మరచిపోతారు? కోడిపుంజు నమాజుకు లేపుతుంది, దాన్ని తిట్టవద్దని ప్రవక్త (సఅసం) వారించారు. మన పిల్లలు దాన్ని సంక్రాంతి పందేల వైపు తీసుకెళ్లకుండా చూసుకోవాలి, అంతే. శుభ్రత గురించి అక్కాచెల్లెళ్లు అడుగుతుంటారు. హనఫీ ఫిఖ్హ్‌లో పావురం, పిచ్చుక వంటి ఎగిరే హలాల్ పక్షుల రెట్ట నజాసత్ కాదు, కోడి రెట్ట నజాసత్.

తెచ్చుకున్న తర్వాత దాని హక్కు మన మెడ మీద ఉంటుంది. రెక్కలు చాచడానికి చాలినంత పంజరం కావాలి. కొర్రలు, తోటకూర, కొత్తిమీర పెట్టండి. ముక్కు అరగదీసుకోవడానికి సముద్రపు నురుగు ముక్క కట్టండి. మే నెలలో మన కొత్తగూడెం, భద్రాచలం ఎండ మనుషులకే తట్టుకోరానిది. పంజరాన్ని నీడకు మార్చి పూటపూటా నీళ్లు మార్చండి. వంటింట్లో అసలు పెట్టకండి. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే పొగ నిమిషాల్లో పక్షి ప్రాణం తీస్తుంది.

ఇది రాస్తుంటే మాకు సిగ్గుగా ఉంది. మా చిన్నప్పుడు మా ఇంట్లోనూ ఒక మిట్టూ ఉండేది. ఒక పెళ్లికి ఇల్లంతా మూడు రోజులు వెళ్లాం. గిన్నె నిండా నీళ్లు పోసే వెళ్లాం. తిరిగొచ్చేసరికి గిన్నె బోర్లా పడి ఉంది, మిట్టూ పంజరం అడుగున ఉంది. ఆ రోజు ఇంట్లో ఎవరూ దాని గురించి ఎక్కువ మాట్లాడలేదు. ఎన్నో ఏళ్ల తర్వాత మదర్సాలో హదీసు పాఠంలో, పిల్లిని కట్టేసి తిండి పెట్టక, వదిలిపెట్టక చంపి నరకం పాలైన స్త్రీ ప్రస్తావన వచ్చింది. ఉస్తాద్ ముందుకు సాగిపోయారు. మేము ఆ పేజీ దగ్గరే ఆగిపోయాం.

మస్జిదులో ఆ తండ్రికి మేము చెప్పింది ఇదే. ఆ పిల్లల గూడు ఏ చెట్టు మీదో తెలియదు కాబట్టి తల్లికి తిరిగి ఇవ్వలేం. ఊరికే వదిలేస్తే పిల్లులు, కాకులు బతకనివ్వవు. కాబట్టి అటవీశాఖ కార్యాలయంలో అప్పగించండి. పెరిగిన చిలుక ఇంట్లో ఉన్నవారికీ మా సలహా అదే. మేము కూడా వారి వెంట వెళ్లాం. పిల్లవాడు దారి పొడుగునా పెట్టెను గుండెకు హత్తుకునే ఉన్నాడు. అప్పగించి బయటికి వచ్చాక, చాలాసేపటికి, ఒకే ఒక ప్రశ్న అడిగాడు.

"మౌలానా సాబ్! అబూ ఉమైర్ పిట్ట చచ్చిపోయింది కదా, తర్వాత వాళ్లబ్బా ఇంకోటి తెచ్చారా?"

అది హదీసులో లేదని చెప్పాం. వాడు తండ్రి వైపు చూశాడు.