పాళెమునకు వెలుపల

ధ్యానభాగము: మత్తయి 8:1-4



గడచిన సంస్కారపు ఆదివారమున మా సంఘములో జరిగిన సంగతి మీ యెదుట ఒప్పుకొనవలసి యున్నది. కుష్ఠువ్యాధికి మందు పూర్తిగా వాడి బాగుపడిన ఒక సహోదరుడు బల్లయొద్ద మోకరించెను. అతని ప్రక్క చోటు ఖాళీగానే యుండెను. మేమును పాత్రను అతనికి కడపటనే ఇచ్చితిమి. ఎవరును అట్లు చేయుమని చెప్పలేదు. మా చెయ్యియే ఆలాగు తిరిగెను.

ఆ రాత్రి డాక్టరమ్మ ఇసబెల్ కెర్ మాకు జ్ఞాపకమునకు వచ్చెను. స్త్రీలు వైద్యము చదువుట అరుదైన కాలములో, 1903లో, ఆమె స్కాట్లండులోని అబర్డీన్‌లో పట్టము పొందెను. 1907లో భర్త జార్జి కెర్ దొరగారితో హైదరాబాదు సంస్థానమునకు వచ్చి, వెస్లియన్ మిషను పక్షమున నిజామాబాదులో పనిచేసెను. ఊరు వెళ్లగొట్టిన కుష్ఠరోగులు ఆమె వాకిట చేరిరి. వారికొరకు డిచ్‌పల్లిలో ఆసుపత్రి కట్టుటకు రాజా నర్సాగౌడ్ గారు పెద్ద విరాళమిచ్చిరి. ఆయన క్రైస్తవుడు కాడు. మంచి సమరయుని కథ చదువుకొను మనము ఈ సంగతి మరువరాదు.

డిచ్‌పల్లి తలుపులు 1915లో తెరచిరి. అప్పటికి మహాయుద్ధము ఐరోపాను కాల్చుచుండెను. అదే సంవత్సరము మరియొక స్కాట్లండు వైద్యురాలు ఎల్సీ ఇంగ్లిస్, మన నైనితాల్‌లో పుట్టినామె, సెర్బియాకు పోయి గాయపడిన సైనికులకు సేవచేసి శత్రువులకు చిక్కెను. అది గొప్ప సేవయే. అయితే యుద్ధములో గాయపడినవానికి ఊరు దండ వేయును. కుష్ఠు సోకినవానికి సొంత యింటివారే కుండ వేరు చేయుదురు. డిచ్‌పల్లికి బాకా ఊదినవారు లేరు.

ఆ దినములలో నిశ్చయమైన మందును లేదు. పుండ్లు కడుగుట, అన్నము పెట్టుట, చోటిచ్చుట, ఇంతే. చాల్మూగ్రా నూనె సూదిమందు తరువాత వచ్చెను. డాక్టరమ్మ 1932లో ప్రభువునందు నిద్రించెను.

మత్తయి వ్రాసిన వరుస చూడుడి. ప్రభువు ముందు ముట్టెను. శుద్ధి తరువాత కలిగెను. ఆమెయు మందు రాకమునుపే తలుపు తెరచెను. మన సంగతి తలక్రిందులాయెను. 1980ల నుండి ఈ వ్యాధిని కుదుర్చు మాత్రలు వచ్చినవి. సర్కారు దవాఖానాలో ఉచితముగా ఇత్తురు. ఆరు నెలలో, పన్నెండు నెలలో వాడినచో వ్యాధి పోవును. మందు మొదలుపెట్టిన కొలది కాలమునకే అది ఇతరులకు అంటుట మానును.

అయినను ఖమ్మము మొదలు భద్రాచలము వరకు మన అడవి పల్లెలలో, స్పర్శ తెలియని మచ్చను చొక్కా క్రింద దాచుకొనువారున్నారు. ఆలస్యమైనకొలది నరములు చెడి వ్రేళ్లు వంకరపోవును. ఎందుకు దాచుదురు? బల్లయొద్ద ఆ ఖాళీ చోటును వారును చూచిరి గనుక.

వచ్చు సంస్కారపు ఆదివారమున పాత్రను మొదట ఆ సహోదరుని యొద్దకే తీసికొని పోవుదుము. అతని తరువాత ఎవరు త్రాగుదురో, పెద్దలారా, ఇప్పుడే తలంచుకొనుడి.